నలభై ఆరు పళ్ల చక్రం

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు ఏ.ఎన్.ఎం.గా చేశాను. రిటైరై రెండు మామిడి కాపులు అయ్యాయి. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నలుగురు నన్ను చూడ్డానికి వచ్చి, "మీ సర్వీసులో మర్చిపోలేనిది ఒకటి చెప్పండి మేడమ్" అన్నారు. కాన్పుల గురించో కరోనా గురించో చెబుతాననుకున్నారు పాపం. నేను సైకిలు గురించి మొదలుపెట్టేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడకి మతి తప్పిందేమో అన్న అనుమానం ఆ చూపుల్లో కనిపించింది. అందుకని కూర్చుని మొత్తం రాస్తున్నాను.

మా సబ్ సెంటరు మామిడితోటల మధ్య ఒక ఊళ్లో ఉండేది. ఆ ఊరికి పైన, ఎర్ర గరుసునేల మెరక మీద ఒక కాలనీ. అరవై గడప ఉంటుంది, అందరూ తోటల్లో కూలికి వెళ్లేవాళ్లే. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళితే పద్నాలుగు కిలోమీటర్లు, తోటల్లోంచి అడ్డంపడి వెళితే నాలుగు. ఆ నాలుగులో చివరి కిలోమీటరు అంతా ఎత్తే.

నెలకొక బుధవారం ఆ కాలనీలో పసిపిల్లలకి టీకాలు వెయ్యాలి. మామిడికాయ లేని నెలల్లో ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని తోటల దారిన వెళ్లిపోయేదాన్ని. కాయ ముదిరే రోజులొస్తే మాత్రం కథ మారిపోతుంది. కాయల దొంగల భయంతో రైతులు దారులన్నిటికీ ముళ్లకంప కొట్టి, మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు వదులుతారు. అందులో మోటారు సైకిలు పట్టదు. పట్టేట్టు వదిలితే కాయల బస్తా కూడా పడుతుంది కదా అంటారు వాళ్లు. మామూలు సైకిలైతే ఎత్తి, పక్కకి వంచి ఎలాగో దూర్చవచ్చు. రోడ్డు మీద వెళదామంటే ఆటోవాళ్లు ఆ రెండు మూడు నెలలూ మనుషుల మొహం చూడరు, కాయల ట్రేలే ఎక్కిస్తారు.

ఇక టైము సంగతి. టీకాలు పి.హెచ్.సి. నుంచి మా సెంటరుకి వచ్చేసరికి పొద్దున ఏడు ముప్పావు అయ్యేది. కాలనీ ఆడవాళ్లని కాయల గ్రేడింగుకి తీసుకెళ్లే ట్రాక్టరు తొమ్మిదిన్నరకి వచ్చేది. సూది వేశాక పిల్లని అరగంట కళ్లముందే కూర్చోబెట్టుకోవాలి, అది రూలు. అంటే తొమ్మిదిలోపు సూదులన్నీ అయిపోవాలి. మంచు పలకల డబ్బా భుజానికి తగిలించుకుని నడిస్తే నాకు గంటన్నర పట్టేది. అక్కడికి చేరేసరికి తొమ్మిదింబావు దాటేది, అరగంట కూర్చునే టైము లేక తల్లులు పిల్లల్ని ముసలమ్మల దగ్గర వదిలి ట్రాక్టరు ఎక్కేసేవారు. తల్లి లేకుండా సూది వేయించడానికి ఏ ముసలమ్మా ఒప్పుకునేది కాదు.

అలా ప్రతి ఎండాకాలం మా రిజిస్టరులో ఆ కాలనీ పేజీ మీద ఖాళీ గడులు మిగిలేవి. తొలకరి పడ్డాక తిరిగి తిరిగి వాటిని పూడ్చుకునేవాళ్లం. అన్నీ పూడేవి కావు. నా సర్వీసు మొదట్లో అలా తప్పిపోయిన ఒక ఆడపిల్లకి తట్టు పోసి ఒక కన్ను పోయింది. ఆ పిల్లకి టీకా పడాల్సిన రోజున నేను డబ్బా మోసుకుంటూ దారిలో ఉన్నాను. నీ తప్పేముంది అని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ సంగతి మనసులోంచి ఎప్పుడూ పోలేదు.

నేను రిటైరవడానికి ఇంకో మూడేళ్లుందనగా మాకు కొత్త మెడికల్ ఆఫీసరుగారు వచ్చారు. నా వయసులో సగం ఉంటుంది ఆవిడకి. మనిషి మంచిదే, కాని కాగితం చూసి మాట్లాడే మనిషి. మార్చిలో కూడా నేను ఆలస్యం చేసేసరికి పిలిపించారు.

"సిస్టర్, రెండేళ్ల ఎండాకాలం కాగితాలు చూశాను. ఆ కాలనీలో సగం మందికి కూడా పడటం లేదు. ఆ పాయింట్ తీసేసి కింది ఊళ్లో కలిపేద్దాం. తల్లులే దిగి వస్తారు."

"రారండీ మేడమ్. పసిబిడ్డని చంకనేసుకుని, కూలి మానుకుని నాలుగు కిలోమీటర్లు ఎవరొస్తారండీ?"

"వాళ్లు రాలేరంటున్నారు. మీరు టైముకి వెళ్లలేకపోతున్నారు. మరి నన్నేం చెయ్యమంటారు?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పులేదు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. "ఏప్రిల్, మే రెండు నెలలు చూడండి మేడమ్. అప్పటికీ నేను టైముకి వెళ్లకపోతే మీ ఇష్టం" అని వచ్చేశాను. మే అయ్యాక ఏడాది ప్లాను రాసి పైకి పంపాలి. అందులోంచి పేరు పోయిందంటే ఆ కాలనీకి సూదిమందు లేనట్టే. రోషంలో గడువైతే పెట్టేశాను కాని, ఎలా వెళ్లాలో మాత్రం నాకూ తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది మా తమ్ముడి కొడుకు సైకిలు. లాక్‌డౌన్‌లో ఊపొచ్చి, కొండలెక్కే సైకిలంటూ హైదరాబాదులో కొన్నాడు. నేను చూసినప్పుడు దాని మీద మా మరదలి చీరలు ఆరేసి ఉన్నాయి. ఫోను చేసి, "ఒరేయ్, ఆ దండెం నాకు పంపరా" అన్నాను. మిషన్ స్కూలు టీచరుగారి కూతుర్ని నేను. పదో ఏటి నుంచి సైకిలు తొక్కినదాన్నే. స్కూటీ కూడా ఒకసారి ప్రయత్నించి, పంటకాలవలో పడి, దానికో నమస్కారం పెట్టాను.

సైకిలు వచ్చింది. చదునుమీద పరుగెత్తింది. మెరక దగ్గరకి వచ్చేసరికి, అన్నిటికన్నా తేలికైన గేరులో పెట్టినా నాలుగు తొక్కులకి ఊపిరాడలేదు. దిగి నెట్టుకుంటూ వెళ్లాను. సైకిలునీ డబ్బానీ నెట్టుకుంటూ వెళ్లడానికి నడకకన్నా ఎక్కువ టైము పట్టింది.

"అత్తా, దానికి ముందు ఒకటే పళ్లచక్రం, వెనక పది ఉంటాయి" అని ఫోనులో పాఠం చెప్పాడు మేనల్లుడు. "వెనకది ఎంత పెద్దదైతే తొక్కుడు అంత తేలిక. ఇప్పుడు నీ సైకిలుకి పెద్దది ముప్పై ఆరు పళ్లది. నలభై ఆరు పళ్లది ఉన్న సెట్టు దొరుకుతుంది, క్యాసెట్ అంటారు. పంపిస్తాను, అక్కడ ఎవరిచేతనైనా మార్పించు. చైను మాత్రం పెద్ద చక్రం మీద చుట్టి కొలవమను. మర్చిపోకు."

నూజివీడు బజార్లో నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మేస్త్రీగారి దగ్గరికి తీసుకెళ్లాను. బడిపిల్లల సైకిళ్లు, పాల క్యాన్ల సైకిళ్లు ఆయన చేతికిందే నడిచేవి. పార్సిలు విప్పి ఆ పెద్ద చక్రాన్ని వెలుతురులో తిప్పి చూశారు.

"ఇది సైకిలుకా సిస్టరుగారూ, అట్టేసుకోడానికా?"

"మీకు చేతకాకపోతే చెప్పండి, బెజవాడ తీసుకెళతాను."

"అంత మాటెందుకండీ? మనిషి బిగించింది మనిషి విప్పలేడా?" అని పని మొదలుపెట్టారు.

పాత క్యాసెట్టు ఊడదీయాలంటే చక్రాన్ని కదలకుండా పట్టుకునే పనిముట్టు ఒకటి కావాలి. అది ఆయన దగ్గర లేదు. ఒక ఇనుపపట్టీ చివర పాత చైనుముక్క బిగించి అప్పటికప్పుడు తయారుచేశారు. కొత్తది ఎక్కించారు. చైనుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదకి జరిపే ఇనపచెయ్యి వెనక వేలాడుతూ ఉంటుంది. దానికేదో ఇంగ్లీషు పేరుంది కాని మేస్త్రీగారు 'జరిపేది' అనేవారు, నేనూ అదే అంటాను. పెద్ద చక్రానికి అది తగలకుండా ఒక పొడుగుముక్క వేసి కిందికి దించారు. అంతవరకూ బంగారంలా చేశారు. మేనల్లుడు చెప్పినట్టే కొత్త చైను పెద్ద చక్రం మీద చుట్టి కొలిచారు కూడా.

తర్వాత చిన్న చక్రం మీదకి మార్చి చూశాం. చైను కిందికి వేలాడింది.

ఇక్కడ నా చెయ్యి పడింది. మా నాన్నగారు రోజూ పొద్దున స్కూలుకి బయలుదేరేముందు చైనుని వేలితో నొక్కి చూసేవారు. అరంగుళం ఊగాలి, అంతకన్నా ఊగితే దారిలో ఊడుతుంది అనేవారు. మేస్త్రీగారి నలభై ఏళ్ల చదువు కూడా అదే. వెనక ఒకటే పళ్లచక్రం ఉండే సైకిళ్లకి అది వేదవాక్కే. నేను వేలితో నొక్కాను. రెండంగుళాలు ఊగింది.

"ఇదేంటండీ, చీరకుచ్చెళ్లలా వేలాడుతోంది? దారిలో ఊడితే నా పరువేం కాను? బిగించండి."

"మీ మేనల్లుడుగారు పెద్దదాని మీద..."

"వాడికేం తెలుసండీ, చిన్నవాడు. వాడు దీనిమీద బట్టలారేశాడు."

మేస్త్రీగారికీ లోపల అదే పీకుతోంది. ఒక్క మాటకి లొంగిపోయారు. ఆయనా నొక్కి చూసి, తల ఊపి, నాలుగు లింకులు తీసేశారు. చైను బిగుతుగా, ముచ్చటగా ఉంది. బజార్లో ఆ చివరికీ ఈ చివరికీ తొక్కి చూశాను. బజారు చదును కాబట్టి పెద్ద చక్రం అవసరమే రాలేదు. ఇద్దరం కాఫీ తాగి, గొప్ప పని చేశామనుకున్నాం.

ఏప్రిల్ బుధవారం. డబ్బా వెనక క్యారేజీకి కట్టుకుని బయలుదేరాను. ముళ్లకంప సందులో సైకిలు దూర్చి, తోటంతా ఇరవై నిమిషాల్లో దాటేశాను. మెరక మొదలైంది. ఒక్కో గేరూ మారుస్తూ, ఇక కాళ్లు ఒప్పుకోనప్పుడు చివరిది నొక్కాను. చైను పెద్ద చక్రం ఎక్కబోయి, చాలక, బిర్రబిగుసుకుపోయింది. ఫట్‌మని ఒక చప్పుడు. జరిపేది మెలితిరిగి వెనకచక్రం ఊచల్లో ఇరుక్కుంది. నేను సైకిలుతో సహా పక్కకి పడ్డాను. మోచేయి చీరుకుపోయింది, డబ్బాకి ఏమీ కాలేదు. ఇరుక్కున్నదాన్ని ఊడదీయాలని అరగంట పైన పెనుగులాడి, లాభంలేక సైకిలుని ఒక చెట్టుకి ఆనించి, డబ్బా భుజానేసుకుని పైకి నడిచాను.

కాలనీ చేరేసరికి తొమ్మిదీ ఇరవై. ట్రాక్టరు అప్పటికే వచ్చి హారను కొడుతోంది. అక్కడే ఉండే ఆశా కార్యకర్త ఎదురొచ్చి, "ఏంటక్కా, ఇంతసేపూ ఆపాను. అరగంట కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు ఇప్పుడు?" అంది, ఏడుపు గొంతుతో. కూలికి వెళ్లని ఇద్దరు తల్లులు మాత్రం ఆగారు. పన్నెండు మందిలో ఇద్దరు. సాయంత్రం ఆ అంకె ఫోనులో చెబితే మెడికల్ ఆఫీసరుగారు "రాసుకున్నాను సిస్టర్" అని పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఒక కాయల ఆటోవాణ్ని బతిమాలి, ట్రేల మీద సైకిలు వేసుకుని నూజివీడు వెళ్లాను. దారంతా మేస్త్రీగారిని తిట్టడానికి మాటలు పోగుచేసుకున్నాను. ఆయన ఆ మెలితిరిగిన జరిపేదాన్ని చూశారు, నా మోచేతి కట్టు చూశారు, స్టూలు మీద కూలబడ్డారు.

"నాదే తప్పు సిస్టరుగారూ. కొలిచిన చైనుని నేనే తెంపాను. నలభై ఏళ్లు వేలితో నొక్కిన చెయ్యి, దాని అలవాటు అది మానలేదు."

పోగేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను. "తిలా పాపం తలా పిడికెడు మేస్త్రీగారూ. నొక్కిన వేలు నాది కూడా" అన్నాను. నా సర్వీసు మొత్తంలో నా తప్పు నేను అప్పటికప్పుడు ఒప్పుకున్నది అదొక్కసారే. మా ఆయన్ని అడిగినా ఇదే చెబుతారు.

ఆ తర్వాత ఆయన ఆ పనిని పట్టిన పట్టు నేను మర్చిపోలేను. నా మేనల్లుడికి తనే ఫోను చేసి, "బాబుగారూ, మొదట్నుంచీ చెప్పండి, నాకేమీ తెలియదనుకోండి" అని అడిగారు. ఆ వయసులో, ఆ అనుభవంతో ఆ మాట అనడం తేలిక కాదు. ఆదివారం బెజవాడ వెళ్లి దుకాణాలన్నీ తిరిగి, పొడుగు చెయ్యి ఉన్న కొత్త జరిపేది పట్టుకొచ్చారు. జరిపేదాన్ని తగిలించే కొక్కెం కూడా వంగితే సరిచేశారు. కొత్త చైనుని ఈసారి పెద్ద చక్రం మీద చుట్టి, దానికి రెండు లింకులు ఎక్కువే ఉంచారు. సైకిలుని దుకాణం దూలానికి తాడుతో వేలాడదీసి, పెడలు చేత్తో తిప్పుతూ పది చక్రాల మీదా ఎక్కించి దించి చూశారు.

చిన్న చక్రం మీద ఇప్పటికీ కొంచెం వేలాడుతూనే ఉంది. నా వేలు దానంతటదే ముందుకెళ్లింది.

"ముట్టుకోకండి" అన్నారు గట్టిగా. "అది దిగుడుకి పనికొచ్చే చక్రం. మీరు ఎక్కడానికి పోతున్నారు. దాని జోలికే వెళ్లకండి."

నాకు అలా ఆర్డరు వేసినవాళ్లు డిపార్టుమెంటులో కూడా తక్కువ. నోరు మూసుకుని సైకిలు తెచ్చుకున్నాను. మే బుధవారానికి మిగిలిన మూడు వారాలూ పొద్దున్నే సైకిలు తీసి మెరక మీద ప్రాక్టీసు చేశాను. మొదటి వారం సగం దాకా, రెండో వారం చివరి వంపు దాకా వెళ్లగలిగాను. మొత్తం దిగకుండా ఎక్కింది ఒక్కసారే, అదీ వెనక డబ్బా లేకుండా.

మే బుధవారం వచ్చింది. టీకాల డబ్బా దిగేసరికి వెనకే జీపు కూడా ఆగింది. మెడికల్ ఆఫీసరుగారు దిగారు.

"నేనే స్వయంగా చూద్దామని వచ్చాను సిస్టర్. రండి, జీపులో వెళ్లిపోదాం."

ఒక్క క్షణం నా ప్రాణం జీపు మీదకే పోయింది. మోచేతికి పక్కు కూడా పూర్తిగా రాలలేదు. మెత్తని సీటు, పక్కన ఆఫీసరు, ఆలస్యమైనా నా మీదకి రాదు. కాని ఇవాళ ఎక్కితే జూన్‌లో ఎవరు ఎక్కించుకుంటారు? ఆవిడకి చూపించాల్సింది నేను కాలనీకి రావడం కాదు, ప్రతి నెలా రాగలనని.

"మీరు రోడ్డు మీద రండి మేడమ్. నేను తోటల్లోంచి వస్తాను."

"ఇది పందెం కాదు సిస్టర్."

"కాదండీ. కాని జీపు నెలనెలా రాదు కదండీ."

ఆవిడ నా వంక చూసి, సైకిలు వంక చూసి, "సరే, మీ ఇష్టం" అని జీపెక్కారు. అప్పుడు టైము ఏడూ యాభై.

తోట దాటేసరికి, మెరక మొదట్లో ఒక మనిషి పాత సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రీగారు. దుకాణం మూసి నూజివీడు నుంచి పొద్దున్నే తొక్కుకుంటూ వచ్చారట. పలకరింపూ లేదు, ఏమీ లేదు. "ఎత్తు మొదలవకముందే పెద్దదానికి ఎక్కించండి. ఇప్పుడే!" అని అరిచారు.

నొక్కాను. చైను మెత్తగా కదిలి నలభై ఆరు పళ్ల చక్రం ఎక్కి కూర్చుంది. చప్పుడు కూడా లేదు.

ఆ తొక్కుడు ఎలా ఉంటుందంటే, కాళ్లు గబగబా తిరుగుతుంటాయి, సైకిలేమో పెళ్లినడక నడుస్తుంటుంది. పక్కన నడిచే మనిషి దాటిపోయేలా ఉన్నాడు. కాని ఆగదు. గరుసురాళ్లు చక్రం కింద జారుతున్నా ఆగలేదు. ఆ నెల టీకా పడాల్సిన పిల్లల డ్యూ లిస్టులో పద్నాలుగు పేర్లున్నాయి. నాకు అన్నీ కంఠతా వచ్చు. ఒక్కో తొక్కుకి ఒక్కో పేరు అనుకుంటూ, పద్నాలుగూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. పోయిన నెల పడిపోయిన చోటు దాటాను. చివరి వంపులో ముందుచక్రం లేచినంత పనైంది. వెనక నుంచి, "ముందుకి వంగండి సిస్టరుగారూ, ముందుకి!" అని కేక వినబడింది. వంగాను. ఆ పద్నాలుగు పేర్లు ఎన్నిసార్లు తిరిగాయో తెలియదు. తల ఎత్తేసరికి కాలనీ మొదటి ఇల్లు, దాని ముందు నోరు తెరుచుకుని ఆశా కార్యకర్త.

"దిగకుండా వచ్చేశావా అక్కా!"

"టైమెంత?" అన్నాను. అంతకన్నా మాట్లాడే ఊపిరి లేదు.

"ఎనిమిదీ ఇరవై రెండు."

నవ్వాను. ఆ మెరక మీద, యాభై తొమ్మిదేళ్ల వయసులో, చెమటలు కారుతూ పిచ్చిదానిలా నవ్వాను. ఎవరేమనుకుంటే నాకేం?

తల్లులు పిల్లల్నెత్తుకుని వరసలో కూర్చున్నారు. చేతులు కడుక్కుని మొదలుపెట్టాను. ఒకడు నన్ను తన్నాడు, ఒకతి నా మీద ఉచ్చ పోసింది, అందరూ ఊరు ఎగిరిపోయేలా ఏడ్చారు. నాకు ఆ ఏడుపులు చర్చిలో పాటల్లా వినబడ్డాయి. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా చివరి సూది పడింది. మేస్త్రీగారు ఒక అరుగు మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతూ, నా సైకిలు చైనుకి అంటిన దుమ్ము గుడ్డతో తుడుస్తున్నారు.

జీపు తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. కాయల ట్రాక్టర్ల వెనక మలుపులో ఇరుక్కుపోయారట. మెడికల్ ఆఫీసరుగారు హడావిడిగా దిగి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నారు, తల్లులంతా కూర్చుని ఉండటం చూసి.

"అయిపోయిందండీ మేడమ్. అరగంట కోసం కూర్చోబెట్టాం."

ఆవిడ డబ్బా మూత తీసి మంచు పలకలు చూశారు. సీసాలు లెక్కపెట్టుకున్నారు. ఇద్దరు పిల్లల తొడలు పట్టి చూశారు. తర్వాత సైకిలు దగ్గరికి వెళ్లి ఆ పెద్ద చక్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. ఫైలు తెరిచి, ప్లాను కాగితంలో కాలనీ పేరుకి ఎదురుగా, ఎనిమిదిన్నరకి సెషన్ అని పెన్నుతో రాసి సంతకం పెట్టారు. నా ఎదురుగానే పెట్టారు, కావాలనే.

ట్రాక్టరు వచ్చింది. తల్లులు పిల్లల్ని ముసలమ్మలకి అప్పగించి, నవ్వుకుంటూ ఎక్కి వెళ్లిపోయారు. నేను రిజిస్టరు తీసి గడులు నింపడం మొదలుపెట్టాను. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పేజీ చివరికి వచ్చాక, ఏదో వదిలేశాననిపించి మళ్లీ పైనుంచి చూసుకున్నాను. ఏదీ వదల్లేదు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఎండాకాలం ఆ కాలనీ పేజీలో ఖాళీ గడి లేకపోవడం నేను చూడటం అదే మొదలు. నాకు దుఃఖం ఆగలేదు. అందరి ముందూ, అరుగు మీద, పుస్తకం మీద చుక్కలు పడకుండా పక్కకి తిరిగి ఏడ్చేశాను.

మెడికల్ ఆఫీసరుగారు కంగారుగా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "ఏమైందండీ? ఏదైనా తప్పు జరిగిందా?"

"ఏం లేదు మేడమ్" అన్నాను. "అందరూ వచ్చారండీ."